కంపెనీల కాలుష్య నేరాల దెబ్బ ఎప్పుడూ పేదలకే ఎందుకు తగులుతుంది?

నీలిమ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను సోషియాలజీలో పీజీ చేస్తున్నాను. సెమినార్ పేపర్‌కి కంపెనీల పర్యావరణ నేరాలు, సామాజిక అసమానత అన్న అంశం తీసుకున్నాను. తీసుకునేటప్పుడు తేలిగ్గానే అనిపించింది, ఇప్పుడు ఒక చోట ఇరుక్కుపోయాను.

భోపాల్, జపాన్‌లో మినమాట, ఐవరీ కోస్ట్‌లో అబిద్జాన్... ఏ కేసు తీసినా దెబ్బ తిన్నది పేదవాళ్ళే. దీన్ని రెండు రకాలుగా చెప్పొచ్చు. ఒకటి, ఫ్యాక్టరీ పక్కన భూమి చవక కాబట్టి పేదవాళ్ళే అక్కడికి చేరతారు, కంపెనీ ఎవర్నీ వెతుక్కుంటూ వెళ్ళలేదు అని. రెండోది, అడిగేవాళ్ళు లేని చోటు చూసుకునే కంపెనీలు తెగిస్తాయి అని. మా గైడ్ మొదటిదాని వైపు ఉన్నారు. "అసమానత ఉంది, కాలుష్యం ఉంది, రెండూ పక్కపక్కన కనబడినంత మాత్రాన ఒకదానివల్ల ఇంకొకటి అయినట్టు కాదు" అంటారు. నాకు రెండోదే నిజమనిపిస్తోంది కానీ ఎలా నిలబెట్టాలో తెలియట్లేదు.

ఇంకో సందేహం. ఈ కేసుల్లో చాలావాటికి జైలు శిక్షల్లేవు, జరిమానాతోనో సెటిల్‌మెంట్‌తోనో ముగిశాయి. మరి వాటిని నేరం అని రాయొచ్చా?

ఈ రంగంలో పనిచేసినవాళ్ళు ఉంటే చెప్పండి. గూగుల్ చేసుకోమనకండి ప్లీజ్, చేసే వచ్చాను. వచ్చే వారమే ప్రెజెంటేషన్, టెన్షన్‌గా ఉంది.

రవికిరణ్

మీ గైడ్ చెప్పిందే కరెక్టని నా ఉద్దేశం. ఫ్యాక్టరీ పెట్టేవాడు చూసేది భూమి ధర, నీళ్ళు, కరెంటు, రోడ్డు. చవగ్గా భూమి దొరికే చోట డబ్బున్నవాళ్ళు ఎందుకుంటారు? అందులో కుట్ర ఏముంది? పైగా ఫ్యాక్టరీ వచ్చాక పని దొరుకుతుందని ఇంకా చాలామంది వచ్చి గోడ పక్కనే ఇళ్ళు వేసుకుంటారు. యాభై ఏళ్ళ తర్వాత ఫొటో తీసి "చూడండి, పేదల మధ్య ఫ్యాక్టరీ పెట్టారు" అంటే ఎలా?

ఇక నేరం సంగతి. ప్రమాదం వేరు, నేరం వేరు. జరిమానా కట్టిన ప్రతివాణ్ణీ నేరస్థుడంటే సిగ్నల్ దాటిన ప్రతి బండివాడూ నేరస్థుడే.

శాంపిల్ సీసా

నీలిమ గారూ, నేను చాలా ఏళ్ళు ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఫీల్డ్ పని చేశాను. ఫ్యాక్టరీలకు వెళ్ళి ఔట్‌లెట్ నీళ్ళు, చిమ్నీ పొగ శాంపిళ్ళు పట్టుకొచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి కాస్త స్వేచ్ఛగా రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

ముందు "ఎవరు ముందొచ్చారు" సంగతి తేల్చేద్దాం. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. అమెరికాలో దీని మీద ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. 1990ల్లో విక్కీ బీన్ అనే లా ప్రొఫెసర్ అచ్చం రవికిరణ్ గారిలాగే అడిగారు, ప్లాంటు పెట్టిన రోజున అక్కడ ఎవరున్నారో చూడకుండా ఇవాళ్టి జనాభా లెక్కలు చూపిస్తే ఎలా అని. న్యాయమైన ప్రశ్న. తర్వాత పాల్ మొహాయ్, రాబిన్ సాహా అనే పరిశోధకులు ప్లాంట్లు పెట్టిన కాలం నాటి జనాభా లెక్కలనే తీసి, దేశం మొత్తం మీద పోల్చి చూసి 2015లో ప్రచురించారు. ప్రమాదకర వ్యర్థాల ప్లాంట్లు మొదట్నుంచీ పేదలూ, శ్వేతజాతేతరులూ ఎక్కువగా ఉన్న చోట్లకే వెళ్ళాయని తేలింది. జనం తర్వాత వచ్చి చేరారన్న మాట పెద్దగా నిలబడలేదు. ఈ పేపర్ మీ గైడ్ గారి ముందు పెట్టండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

లెక్కలకన్నా ఒక కేసు చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. 1978 వేసవి, నార్త్ కరోలినా. ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారం చేసే ఒక కంపెనీ దగ్గర పీసీబీలు అనే విష రసాయనాలు కలిసిన నూనె మిగిలిపోయింది. పద్ధతి ప్రకారం వదిలించుకోవాలంటే బోలెడు ఖర్చు. ఆ ఖర్చు ఎగ్గొట్టడానికి ట్యాంకర్‌లో పోసి, రాత్రిళ్ళు 14 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) సుమారు 240 మైళ్ళ పొడుగున రోడ్డు వారన పారబోయించారు. ఇక్కడిదాకా ఎవర్నీ ఎంచుకున్నది లేదు, రోడ్డు ఎటుపోతే అటు పోశారు. ఎంపిక జరిగింది ఆ తర్వాత. ఆ మట్టినంతా తవ్వి ఒకచోట పూడ్చాలి కదా, రాష్ట్ర ప్రభుత్వం వారెన్ కౌంటీలో ఆఫ్టన్ అనే పల్లె పక్కన స్థలం చూసింది. నల్లజాతివాళ్ళు ఎక్కువ, రాష్ట్రంలో బాగా పేద కౌంటీల్లో ఒకటి. భూగర్భ జలం పైపైనే ఉంటుంది, జనం తాగేది బావి నీళ్ళు. అలాంటి వ్యర్థాల్ని పూడ్చడానికి ఏ రకంగా చూసినా పనికిరాని చోటు. 1982లో లారీలు వచ్చినప్పుడు జనం రోడ్డు మీద పడుకున్నారు, 500 మందికి పైగా అరెస్టయ్యారు. మరుసటి ఏడాది ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఆగ్నేయ రాష్ట్రాల్లోని నాలుగు పెద్ద ప్రమాదకర వ్యర్థాల గుంతల్ని పరిశీలిస్తే మూడింటి చుట్టూ నల్లజాతివాళ్ళే ఎక్కువగా ఉన్నారు.

నేరం ఒకరిది, రోడ్డు అందరిదీ, మట్టి మాత్రం ఒక్క పల్లెది. ఆ పల్లెవాళ్ళు అంతకుముందు నుంచే అక్కడున్నారు, రవికిరణ్ గారూ. గోడ పక్కన ఇళ్ళు వేసుకోవడానికి వచ్చినవాళ్ళు కాదు.

ఇక నా పని సంగతి. ఇది మీకు పుస్తకాల్లో తక్కువగా దొరుకుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

శాంపిల్ తీయడానికి వెళ్తే గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయాలి. సెక్యూరిటీ లోపలికి ఫోన్ చేస్తాడు. సేఫ్టీ ఆఫీసర్ మీటింగ్‌లో ఉన్నారు, హెల్మెట్ తెస్తున్నారు, కాసేపు కూర్చోండి అంటారు. ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుందో నేను చూడలేను. ఔట్‌లెట్ దగ్గరికి తీసుకెళ్ళేసరికి నీళ్ళు తేటగా ఉంటాయి. పైపు చుట్టూ ఉన్న సిమెంటు మీద మాత్రం ముదురు గోధుమరంగు చార ఒకటి ఉంటుంది, చెయ్యెత్తున. ఆ చార ఎప్పటిదో ఫారంలో రాసే గడి లేదు. సీసా నింపుతాను, యాసిడ్ చుక్కలు వేస్తాను, లేబుల్ అంటిస్తాను, ఐస్ పెట్టెలో పెడతాను. టైము రాసి ఇద్దరం సంతకం చేస్తాం. రిపోర్టు పరిమితుల్లోనే వస్తుంది. ఆ సీసాలో ఉన్న నీళ్ళ వరకూ అది నిజమే.

బయటికొస్తే ప్రహరీ వెనకాల కాలవ. అక్కడ ఒకామె కూల్‌డ్రింక్ సీసాలో తన బోరు నీళ్ళు పట్టి నిలబడి ఉండేది. పసుప్పచ్చగా, పైన జిడ్డు తెట్టు. "బాబూ, ఇది కూడా తీస్కపో" అనేది. నేనేం చేయాలి? ఆ సీసాకి సీలు లేదు, యాసిడ్ వేయలేదు, ఐస్ లేదు, ఎప్పుడు పట్టారో సాక్షి సంతకం లేదు. రూల్స్ ప్రకారం దానికి విలువ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, దాని టెస్టుకి డబ్బు కట్టేవాళ్ళు లేరు. నేను తీసిన సీసాకి బిల్లు కట్టేది కంపెనీ. ఆవిడ సీసాకి బిల్లు కట్టాల్సింది ఆవిడే, అదీ ఆవిడ నెల సంపాదనలో పెద్ద ముక్క. నాలుగు రకాల భారలోహాలు చూడాలంటే ఇంకా ఎక్కువ. అన్నీ చూపించినా కోర్టులో అవతలి లాయరు మొదట అడిగేది "మీ శాంపిల్ పద్ధతి ప్రకారం తీశారా?" అనే.

ఇదీ నేను చెప్పదలచుకున్నది. అసమానత అంటే ఫ్యాక్టరీ పక్కన పేదవాళ్ళు ఉండటం ఒక్కటే కాదు. రుజువు తయారుచేసుకునే స్తోమత ఒక పక్షానికే ఉండటం. రుజువు లేకపోతే నేరం రికార్డులోకి ఎక్కదు. రికార్డులోకి ఎక్కకపోతే మీ గైడ్ గారికి డేటాలో సంబంధం ఎక్కడ కనబడుతుంది?

బిల్లు ఎవరు కడతారన్నది చిన్న విషయం అనుకోకండి. బ్రెజిల్‌లో బ్రుమాజిన్యో అనే చోట వాలే కంపెనీ ఇనుప గని వ్యర్థాల డ్యామ్ 2019 జనవరి 25న తెగింది, 270 మంది పోయారు. వాళ్ళలో చాలామంది గని కార్మికులు, కాంట్రాక్టు పనివాళ్ళు. డ్యామ్‌కి సరిగ్గా కింద క్యాంటీన్ ఉంది, మధ్యాహ్న భోజనాల వేళ. ఆ డ్యామ్ స్థిరంగా ఉందని కొన్ని నెలల ముందే ఒక పేరున్న జర్మన్ సంస్థ తాలూకు బ్రెజిల్ విభాగం సర్టిఫికెట్ ఇచ్చింది. దానికి డబ్బు కట్టింది ఎవరో మీరే ఊహించుకోండి.

నీలిమ

సార్, ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఆ గోధుమరంగు చార విషయం అస్సలు ఊహించలేదు. మొహాయ్, సాహా పేపర్ దొరికింది, చదువుతున్నాను.

కానీ ఒకటి. మా గైడ్ "ఇవన్నీ నిర్లక్ష్యం, పేదలు అని తెలిసి చేసినట్టు చూపించలేవు కదా" అంటారు. కంపెనీ నిజంగానే ఎక్కడ చవకో చూసుకుని వెళ్ళిన కేసు ఏదైనా ఉందా?

శాంపిల్ సీసా

ఉంది, మీ ప్రశ్నలోనే ఉంది. అబిద్జాన్.

2006. ట్రాఫిగురా అనే చమురు వ్యాపార కంపెనీ చవకరకం పెట్రోల్ సరుకును ఓడలోనే కాస్టిక్ సోడాతో కడిగింది. గంధకం నిండిన, భరించలేని కంపు కొట్టే వ్యర్థం మిగిలింది. ప్రోబో కోఆలా అనే ఓడ దాన్ని జులైలో ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్ళింది. అక్కడి శుద్ధి కంపెనీ కొంత దించుకున్నాక కంపుకి బెదిరి టెస్టు చేయించింది. ముందనుకున్న రేటుకి కుదరదు, మొత్తం శుద్ధి చేయాలంటే దాదాపు 5 లక్షల యూరోలవుతుంది అంది. వద్దనుకుని సరుకు మళ్ళీ ఓడలోకి ఎక్కించుకున్నారు. ఎస్టోనియా, నైజీరియా మీదుగా ఆగస్టులో ఐవరీ కోస్ట్ చేరింది ఓడ. అక్కడ టామీ అనే చిన్న కంపెనీ, లైసెన్స్ వచ్చి నెలో రెండు నెలలో అయిందంతే, దాదాపు 17 వేల డాలర్లకి ఒప్పేసుకుంది. శుద్ధి చేసే ప్లాంటు దాని దగ్గర లేదు. అద్దె ట్యాంకర్లలో పోసుకుని రాత్రికి రాత్రి నగరం చుట్టుపక్కల చెత్తకుప్పల్లో, కాలవల్లో, ఇళ్ళ మధ్య ఒంపేశారు. లక్ష మందికి పైగా ఆసుపత్రులకి పరిగెత్తారు. 15 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. తమ వ్యర్థం వల్ల మరణాలు జరగలేదని, పారబోసింది టామీయే కానీ తాము కాదని కంపెనీ వాదన. అది కూడా మీ పేపర్‌లో రాయండి, లేకపోతే ఏకపక్షం అంటారు.

మీ గైడ్ గారికి ఈ రెండు కంపెనీలు చెప్పిన రేట్లూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకే సరుకు, అదే వేసవి. ఆ తేడా కెమిస్ట్రీలో లేదు. ఒక రేవులో కంపు రాగానే అధికారులొస్తారు, టెస్టులు జరుగుతాయి. ఇంకో రేవులో అడిగేవాడు లేడు. ఆ అడిగేవాడు లేకపోబట్టే రేటు తగ్గింది. "ఈ పేదవాళ్ళకి హాని చేద్దాం" అని ఎవరూ మీటింగ్ పెట్టుకోలేదు, నిజమే. పెట్టుకోవాల్సిన అవసరం లేదు. చవక ఎక్కడుందో వెతికితే చాలు, దారి తిన్నగా అక్కడికే పోతుంది.

ఇంకో పోలిక, ఇది నా సొంత పైత్యం అనుకోండి. డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో వోక్స్‌వ్యాగన్ చేసిన మోసం 2015లో బయటపడింది కదా. అమెరికాలో ఆ కార్లు కొన్నవాళ్ళకి కారు వెనక్కి కొనడమే కాక, రెండు లీటర్ల ఇంజన్ కార్ల వాళ్ళకి మనిషికి 5,100 నుంచి 10,000 డాలర్ల దాకా అదనంగా ఇచ్చారు. అబిద్జాన్‌లో విషం పీల్చిన దాదాపు 30 వేల మందికి లండన్‌లో 2009లో కుదిరిన సెటిల్‌మెంట్ ప్రకారం మనిషికి సుమారు వెయ్యి పౌండ్లు. అందులోనూ వేలమంది వాటా మధ్యలోనే ఎవరెవరో మింగేశారు. కారు కొని మోసపోయినవాడికి వచ్చింది, ఊపిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాడికి వచ్చినదానికి ఎన్నో రెట్లు.

రవికిరణ్

వోక్స్‌వ్యాగన్ పోలిక నేను ఒప్పుకోను సార్. అక్కడ చట్టం వేరు, ఇక్కడ వేరు. అబిద్జాన్ సంగతి సరే, దారుణమే.

కానీ మీరెవరూ ఉద్యోగాల గురించి మాట్లాడట్లేదు. కంపెనీ మీద కేసు పడి మూతపడితే మొదట రోడ్డున పడేది ఆ పేదవాళ్ళే. మా బంధువుల్లో ఒకాయనకి అలాగే జరిగింది. ఫ్యాక్టరీ మూసేశాక పక్కనున్న నీళ్ళేం బాగుపడలేదు, జీతం మాత్రం పోయింది.

వకీలు పద్మ

నీలిమ గారి రెండో ప్రశ్నకి నేను చెబుతాను, అది నా వృత్తి.

నేరం అని రాయొచ్చు. అందుకు మీకు ఆధారం 1939 నుంచీ ఉంది. ఆ ఏడాది అమెరికా సోషియాలజీ సంఘం అధ్యక్షుడిగా ఎడ్విన్ సదర్లాండ్ చేసిన ప్రసంగం వెతికి చదవండి. నేరాల లెక్కలు పేదల మీద కేసుల నుంచే తీస్తున్నారు, పెద్ద కంపెనీల తప్పులు క్రిమినల్ కోర్టుకి రాకుండా ప్రభుత్వ కమిషన్ల దగ్గర, సివిల్ జరిమానాల దగ్గర తేలిపోతున్నాయి, అందుకే పేదలే నేరాలు చేస్తారన్న భ్రమ పుడుతోంది అన్నది ఆయన వాదన. 1949లో ఆయన పెద్ద కంపెనీల ఉల్లంఘనల చిట్టా పుస్తకంగా తెచ్చినప్పుడు పరువునష్టం దావాల భయంతో కంపెనీల పేర్లన్నీ తీసేయించారు. పేర్లతో సహా అచ్చయింది 1983లో. అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. రవికిరణ్ గారి సిగ్నల్ ఉదాహరణకి ఇదే నా జవాబు. సిగ్నల్ దాటినవాడు జరిమానా రాసే కానిస్టేబుల్‌తో రేటు మాట్లాడుకోలేడు.

"ప్రమాదం వేరు" అన్నారు. భోపాల్ తీసుకోండి. 1984 డిసెంబర్ నాటికి ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్ అనే విష రసాయనం) ట్యాంకుల్ని చల్లగా ఉంచే రిఫ్రిజిరేషన్ యూనిట్ నెలల క్రితమే ఆపేశారు. విషవాయువుని కాల్చేసే ఫ్లేర్ టవర్ పైపు ఊడదీసి ఉంది. గ్యాస్‌ని కడిగే స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది. ఆ యూనిట్‌లో షిఫ్టుకి ఉండాల్సిన మనుషుల్ని సగానికి తగ్గించారు. 1982లో అమెరికాలోని మాతృసంస్థ యూనియన్ కార్బైడ్ నుంచి వచ్చిన బృందమే లోపాల జాబితా ఇచ్చి వెళ్ళింది. వీటిలో ఏ ఒక్కటీ ఆ రాత్రి హఠాత్తుగా జరగలేదు. ఒక్కొక్కటీ ఒక్కో సంతకం. గేటు ఎదురుగా ఉన్నది జయప్రకాశ్ నగర్ బస్తీ.

శిక్ష ఎంత? 1989లో 47 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్. గాయపడినవాళ్ళలో అత్యధికులకి మొదట దక్కింది తలా 25,000 రూపాయలు. ఆసుపత్రి కాగితాలు ఉన్నవాళ్ళకే ఎక్కువ వచ్చింది, బస్తీలో ఆ రాత్రి పరిగెత్తినవాళ్ళ దగ్గర కాగితాలెక్కడివి? శాంపిల్ సీసా గారు చెప్పిన గడి లేని ఫారం లాంటిదే ఇదీ. 2010 జూన్‌లో భోపాల్ కోర్టు ఇక్కడి కంపెనీ అధికారులకి రెండేళ్ళు శిక్ష వేసింది, అప్పటికప్పుడు బెయిల్ వచ్చేసింది. మాతృసంస్థ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్ ఒక్కసారి కూడా విచారణకి రాకుండానే 2014లో చనిపోయాడు.

అబిద్జాన్‌లో చూడండి, ఇంకా స్పష్టంగా ఉంటుంది. 20 ఏళ్ళు జైలు పడింది ఆ చిన్న టామీ కంపెనీ యజమానికి. అరెస్టయిన ట్రాఫిగురా పెద్దల్ని, కంపెనీ 2007లో ఐవరీ కోస్ట్ ప్రభుత్వానికి దాదాపు 20 కోట్ల డాలర్లు కట్టాక, వదిలేశారు. తప్పు ఒప్పుకోకుండానే. 2010లో నెదర్లాండ్స్ కోర్టు వ్యర్థాన్ని అక్రమంగా ఎగుమతి చేసినందుకు, దాని స్వభావం దాచినందుకు 10 లక్షల యూరోల జరిమానా వేసింది. నీలిమ గారూ, బాధితుల్లోనే కాదు, నిందితుల్లో కూడా అసమానత ఉంటుంది. ఇది మీ పేపర్‌లో ఒక విభాగం అవ్వాలి.

జరిమానా గురించి ఒక్క మాట. అమెరికా రసాయన కంపెనీ డ్యుపాంట్, నాన్‌స్టిక్ పాత్రల పూత టెఫ్లాన్ తయారీలో వాడే సీ8 రసాయనం ప్రమాదాల గురించి తనకు తెలిసిన సమాచారం దాచిందన్న కేసులో 2005లో 1.65 కోట్ల డాలర్లు కట్టింది. ఆ తరహా జరిమానాల్లో అప్పటికి అదే అతి పెద్దది. అదే కంపెనీ వెస్ట్ వర్జీనియా పరిసరాల బాధితుల 3,550 కేసులకి 2017లో, తన నుంచి విడిపోయిన కెమోర్స్‌తో కలిసి, సుమారు 67 కోట్ల డాలర్లకి రాజీపడింది. ఆ తేడా ఎలా వచ్చింది? రాబ్ బైలాట్ అనే లాయరు దాదాపు ఇరవై ఏళ్ళు వదలకుండా పట్టుకున్నాడు కాబట్టి. సీ8కి గురైనవాళ్ళలో అలాంటి లాయరు దొరికింది కొందరికే.

శాంపిల్ సీసా

పద్మ గారూ, కాగితాల మాట బాగా చెప్పారు.

రవికిరణ్ గారూ, ఉద్యోగాల సంగతి మీరు ఎత్తడం మంచిదైంది. నేను తప్పించుకుంటున్నానని కాదు, అది చాలా చిక్కు విషయం. మీ బంధువు గారికి జరిగింది నిజంగా జరిగేదే. దానికి మినమాట కన్నా పెద్ద ఉదాహరణ లేదు.

చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాన్ని సముద్రంలోకి వదిలింది. జబ్బు అధికారికంగా బయటపడింది 1956లో. పడింది జాలరి పల్లెల మీద, పూటపూటా చేపలే తినేవాళ్ళ మీద. పట్టణం మొత్తం బతికేది చిస్సో మీద. జాలర్లు పరిహారం అడిగి గొడవ చేస్తే ఫ్యాక్టరీ కార్మికులూ, దుకాణదారులూ వాళ్ళ మీదే తిరగబడ్డారు, మా పొట్ట కొడుతున్నారని. అంటువ్యాధేమోనని కొంతకాలం ఆ ఇళ్ళవైపు కూడా ఎవరూ పోలేదు. పేదవాడికీ ఇంకో పేదవాడికీ మధ్య గోడ లేచింది. కంపెనీ ఆ గోడకి అటువైపు హాయిగా ఉంది.

1959లో కంపెనీ సొంత ఆసుపత్రి డాక్టర్ హోసోకావా ఒక పిల్లికి ఫ్యాక్టరీ నీళ్ళు కలిపిన తిండి పెట్టి చూశాడు. ప్రయోగంలో దాని నంబరు 400. దానికి అదే జబ్బొచ్చింది. కంపెనీ ఆ ఫలితం బయటపెట్టలేదు. అదే ఏడాది డిసెంబర్లో బాధితులతో ‘సానుభూతి సొమ్ము’ ఒప్పందం రాయించుకుంది. తర్వాత ఎప్పుడైనా ఫ్యాక్టరీయే కారణమని తేలినా ఇంకేమీ అడగం అని అందులో షరతు. కారణం తనకి తెలుసు, అవతలివాళ్ళకి తెలీదు. చలికాలంలో, చేతిలో పైసా లేని కుటుంబాలు సంతకాలు పెట్టాయి. 1973లో కుమమోటో కోర్టు ఆ ఒప్పందం చెల్లదు పొమ్మంది. పదమూడేళ్ళు దాటింది.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇదండీ. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే, కానీ ఆ భయం ఖరీదు కంపెనీకి బాగా తెలుసు. ఇంకో పని దొరికే చోట ఆ బెదిరింపు పారదు. పని దొరకని చోటే పారుతుంది. మూసేశాక నీళ్ళు బాగుపడలేదన్నారు, అవును, బాగుచేసే బాధ్యత ఎవరి నెత్తినా వేయకుండా మూసేస్తే బాగుపడవు. జీతాల బకాయిలూ, శుభ్రం చేసే ఖర్చూ రెండూ కట్టాకే తాళం వేయాలని అడగాల్సింది.

రవికిరణ్

చివరి మాటతో ఏకీభవిస్తాను. మా బంధువుకి ఇంకా పీఎఫ్ రాలేదు.

నీలిమ

పద్మ గారూ, జరిమానాలు పెంచితే సరిపోతుందా? ప్రెజెంటేషన్‌లో ఎవరైనా అడుగుతారు, తప్పదు.

వకీలు పద్మ

మొత్తం పెంచడం కాదు, దేనితో ముడిపెడతారన్నది ముఖ్యం. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన పర్యావరణ నేరాల డైరెక్టివ్‌లో తీవ్రమైన నేరాలకి కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 5 శాతం దాకా, లేదా 4 కోట్ల యూరోల దాకా జరిమానా వేసే వీలు సభ్యదేశాలు కల్పించాలని ఉంది. మన సుప్రీంకోర్టు అయితే ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో 1986 డిసెంబర్లోనే చెప్పింది, ప్రమాదకర పరిశ్రమకి సంపూర్ణ బాధ్యత ఉంటుందని, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలని. రెండేళ్ళు తిరగ్గానే భోపాల్ సెటిల్‌మెంట్ వచ్చింది, ఆ సూత్రం వాడకుండానే. మరోవైపు 2023 జన్ విశ్వాస్ చట్టం మన పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ళ దాకా ఉన్న జైలు శిక్ష తీసేసి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల పెనాల్టీ పెట్టింది. పెద్ద ప్లాంటుకి 15 లక్షలంటే ఎంతో శాంపిల్ సీసా గారే చెప్పాలి.

శాంపిల్ సీసా

ఈటీపీ (వ్యర్థ జలాల్ని శుద్ధి చేసే ప్లాంటు) కరెంటు బిల్లు, కెమికల్స్, బురద తోలించే ఖర్చు కలిపితే కొన్ని ప్లాంట్లకి నెలకి అంతకన్నా ఎక్కువే అవుతుంది. రాత్రి శుద్ధి చేయకుండానే బయటికి వదిలే బైపాస్ వాల్వు తిప్పేవాడికి ఆ లెక్క నోటికొచ్చు.

నీలిమ గారూ, పేపర్‌కి ఒక సలహా. పది కేసులు పెట్టకండి, పైపైన అయిపోతుంది. అబిద్జాన్ ఒక్కటే తీసుకుని ఆ సరుకు వెంట నడవండి. ఏ రేవులో ఎంత అడిగారు, ఎవరు టెస్టు చేశారు, ఎవరు చేయలేదు, ఎవరికి ఎంత ముట్టింది, ఎవరు జైలుకెళ్ళారు. మీ గైడ్ గారు సంబంధం ఎక్కడుందని అడిగితే ఆ వరసే చూపించండి. వీలైతే ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు తీర్పు చదవండి.

నీలిమ

అలాగే సార్. తీర్పు డచ్‌లో ఉన్నట్టుంది, మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా వస్తుందేమో అడుగుతాను. ప్రెజెంటేషన్ అయ్యాక గైడ్ గారు ఏమన్నారో ఇక్కడే రాస్తాను.